సైన్సు పీరియడులో తెర ఏం చేస్తోంది?

తెర మన బడిలోకి వచ్చి యాభై ఏళ్లు దాటింది. 1975 ఆగస్టు 1న ఇస్రో ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం మొదలుపెట్టింది. నాసా దగ్గర ఏడాదికి అరువు తెచ్చుకున్న ఏటీఎస్-6 ఉపగ్రహం, కోళ్ల గూళ్లకు వాడే ఇనుప వలతో చేసిన పదడుగుల డిష్షులు, ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొద్దున పూట బడిపిల్లల కోసం ఒక్కో భాషకు 22.5 నిమిషాలు కేటాయించారు. తెలుగుకూ ఆ వంతు దక్కింది. ఏడాది తిరిగేసరికి ఉపగ్రహం వెళ్లిపోయింది. ఆ తర్వాత పరికరాలు మారుతూ వచ్చాయి. 1984లో ‘క్లాస్’ పథకం కింద బీబీసీ మైక్రో కంప్యూటర్లు, 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎడ్యుశాట్, అదే ఏడాది డిసెంబరులో కేంద్రం తెచ్చిన ఐసీటీ పథకం, మన టీవీ, టీ-శాట్, కె-యాన్ ప్రొజెక్టర్లు, 2017లో దీక్ష, పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు, ట్యాబులు, ఇప్పుడు గోడకు వేలాడే ఐఎఫ్‌పీ టచ్ ప్యానెళ్లు. ఏది వచ్చినా రిబ్బను కత్తిరించడం ఒకటే, సైన్సు పీరియడులో పిల్లలు చేసే పనీ దాదాపు ఒకటే: కూర్చుని చూడటం, చూసింది నోట్సులోకి ఎక్కించుకోవడం.

దేశవిదేశాల్లో జరిగిన పరిశోధనను, మన రెండు తెలుగు రాష్ట్రాల అనుభవాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచింది ఇది. సైన్సు పాఠంలో తెర రెండు పనులకు పనికొస్తుంది. ఒకటి, జవాబు చూపించడానికి. రెండు, పిల్లల చేత ఊహ చెప్పించి, కొలిపించి, ఆ ఊహ ఎక్కడ దెబ్బతిన్నదో వాళ్లకే కనిపించేలా చేయడానికి. మేలు జరిగిందని గట్టి ఆధారాలున్నది రెండోదానికి. మనం డబ్బు గుమ్మరించింది మాత్రం మొదటిదాని మీద.

ముందు సరంజామా సంగతి. యూడైస్ ప్లస్ 2023-24 లెక్కల ప్రకారం దేశంలో కరెంటు ఉన్న బడులు 91.8 శాతం, కంప్యూటరు ఉన్నవి 57.2 శాతం, ఇంటర్నెట్ ఉన్నవి 53.9 శాతం. 2021-22లో ఇంటర్నెట్ 33.9 శాతం బడుల్లోనే ఉండేది కాబట్టి ఎదుగుదల తక్కువదేమీ కాదు. అయితే హెడ్మాస్టరు గారి బల్ల మీది ఏకైక కంప్యూటరూ ఈ లెక్కలోకే వస్తుంది, నెలకోసారి ఆన్ చేసే ల్యాబూ ఈ లెక్కలోకే వస్తుంది. ఇళ్లలో పరిస్థితి వేరు. అసర్ 2024 సర్వేలో పల్లెల్లోని 14-16 ఏళ్ల పిల్లల్లో 82 శాతానికి స్మార్ట్‌ఫోను వాడటం వచ్చు. అంతకుముందు వారంలో చదువుకు సంబంధించిన పనికి దాన్ని వాడింది 57 శాతం, సోషల్ మీడియాకు వాడింది 76 శాతం. ఇంట్లో ఫోను ఉన్నంత మాత్రాన అది పిల్లదని కాదు. అసర్ 2023లో ఫోను వాడటం వచ్చిన 14-18 ఏళ్ల వాళ్లలో సొంత ఫోను ఉన్న అబ్బాయిలు దాదాపు 44 శాతం, అమ్మాయిలు 20 శాతం. సైన్సు హోంవర్కును వాట్సాప్ గ్రూపులో పెట్టి చేతులు దులుపుకునే పద్ధతి ఎవరిని బయట నిలబెడుతుందో ఈ రెండు అంకెలే చెబుతాయి.

పరికరాలు పంచితే చదువు వస్తుందా అన్న ప్రశ్నకు ప్రపంచం చాలా ఖర్చుపెట్టి జవాబు తెలుసుకుంది. పెరూలో పిల్లకో ల్యాప్‌టాప్ పథకాన్ని కొలిచి చూస్తే లెక్కల్లో, భాషలో తేడా ఏమీ కనిపించలేదు. 2015లో ఓఈసీడీ దేశాల లెక్కలు తీస్తే, బడుల్లో కంప్యూటర్ల మీద భారీగా ఖర్చుపెట్టిన దేశాల్లో చదవడం, లెక్కలు, సైన్సు మూడింటిలోనూ చెప్పుకోదగ్గ మెరుగు లేదని తేలింది. మన దేశపు ప్రయోగాలు ఇంకాస్త సూక్ష్మంగా మాట్లాడతాయి. గుజరాత్‌లో జ్ఞాన్‌శాల బడుల్లో ఒకే సాఫ్ట్‌వేర్‌ను రెండు రకాలుగా వాడి చూశారు. టీచరు పాఠానికి బదులుగా పెట్టినచోట పిల్లలు వెనకబడ్డారు. బడి గంటలు ముగిశాక అదనంగా పెట్టినచోట ముందుకొచ్చారు. ఢిల్లీలో 619 మంది పిల్లలతో మైండ్‌స్పార్క్ కేంద్రాల మీద జరిగిన అధ్యయనం 2019లో అచ్చయింది. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లోనూ హిందీలోనూ మంచి ఫలితం వచ్చింది. ఎందుకు వచ్చిందో చూడాలి. ఆ పిల్లల్లో చాలామంది తాము కూర్చున్న తరగతికి కొన్నేళ్లు వెనక ఉన్నారు. సాఫ్ట్‌వేర్ ఒక్కొక్కరిని వాళ్లున్న చోటి నుంచే నడిపించింది. నలభై మందిని ఎదురుగా పెట్టుకున్న టీచరుకు సాధ్యంకాని పని అది.

కానీ ఇవన్నీ ప్రధానంగా లెక్కలూ భాషా గురించిన ప్రయోగాలు. భిన్నాల కూడిక రాని పిల్లకు మెట్టుమెట్టుగా అభ్యాసం ఇస్తే చాలావరకు దారిలో పడుతుంది. సైన్సులో చిక్కు వేరు. అక్కడ పిల్ల ఖాళీ బుర్రతో రాదు. కరెంటు బల్బులో ఖర్చయిపోతుందని, బరువైనది ముందు పడుతుందని, భూమి నీడ పడటం వల్లే నెలవంక వస్తుందని ముందే గట్టిగా నమ్మి వస్తుంది. ఆ నమ్మకాన్ని కదపకుండా ఎంత అందమైన వీడియో వేసినా అది ఒకవైపు ఉంటుంది, నమ్మకం ఇంకోవైపు ఉంటుంది. పరీక్షకు వీడియో మాట రాస్తుంది, వీధిలోకి వెళ్లాక పాతదే నమ్ముతుంది.

దీన్ని తేటతెల్లం చేసిన పరిశోధన సిడ్నీ విశ్వవిద్యాలయంలో డెరెక్ ముల్లర్ 2008లో సమర్పించిన పీహెచ్‌డీ. తర్వాత ‘వెరిటాసియం’ యూట్యూబ్ ఛానెల్‌తో పేరు తెచ్చుకున్నాయన ఆయనే. న్యూటన్ సూత్రాల మీద రెండు రకాల వీడియోలు చేశాడు. ఒకదానిలో విషయం సాఫీగా, చక్కగా చెప్పేశారు. ఇంకోదానిలో విద్యార్థులకు మామూలుగా ఉండే తప్పు ఊహలను ఒక పాత్ర చేత పలికించి, వాటితో వాదన పెట్టారు. మొదటిది చూసిన వాళ్లు బాగా అర్థమైందన్నారు, పరీక్ష పెడితే పెద్దగా నేర్చుకున్నది లేదు. రెండోది చూసిన వాళ్లు బుర్ర బద్దలుకొట్టుకోవాల్సి వచ్చిందన్నారు, నేర్చుకున్నది వాళ్లే. మన ఎడ్‌టెక్ కంపెనీల త్రీడీ యానిమేషన్లన్నీ ఆ మొదటి రకానివే. ‘సార్, ఇంకోటి వేయండి’ అని పిల్లలు అడిగితే పాఠం విజయవంతమైనట్టు ఎవరైనా అనుకుంటారు. ముల్లర్ ఫలితం చదివాక ఆ ఉత్సాహాన్ని నమ్మబుద్ధి కాదు.

చేతికి పని ఇచ్చే సాధనాల సంగతి వేరు. 1980లలో అమెరికాలో కంప్యూటరుకు చిన్న సోనార్ పరికరం తగిలించి, దాని ముందు పిల్లల్ని ముందుకూ వెనక్కూ నడిపించారు. నడుస్తుండగానే తెర మీద దూరం-కాలం గ్రాఫు గీసుకుపోతుంది. హెదర్ బ్రాజెల్ 1987లో ప్రచురించిన అధ్యయనంలో కొందరికి గ్రాఫును నడుస్తున్నప్పుడే చూపారు, కొందరికి 20, 30 సెకన్లు ఆలస్యంగా చూపారు. గ్రాఫు అదే, నడకా అదే. ఆ కాస్త ఆలస్యంతోనే లాభం దాదాపుగా ఆవిరైంది. కాలు ఆగిన క్షణానే గీత చదునైతే, ఈ చదునే ఆగడమని ఒంటికి తెలుస్తుంది. అర నిమిషం తర్వాత చూస్తే అది మరో బొమ్మ, అంతే. విద్యాపరిశోధనలో ఇంత చిన్న మార్పు ఇంత స్పష్టంగా మాట్లాడిన సందర్భాలు అరుదు. ట్యాబుల టెండరులో ర్యామ్ ఎంతో, తెర ఎన్ని అంగుళాలో రాసేవాళ్లు ఈ 30 సెకన్ల గురించి వినలేదేమో అనిపిస్తుంది.

సిమ్యులేషన్ల విషయంలో నాకు ఒకప్పుడున్న సందేహం 2005 నాటి ఒక అధ్యయనం దగ్గర సగం తీరింది. నోబెల్ వచ్చిన మరుసటి ఏడాది, 2002లో, భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వైమన్ కొలరాడో విశ్వవిద్యాలయంలో ‘ఫెట్’ సిమ్యులేషన్లు మొదలుపెట్టాడు. ఉచితం, దించుకుంటే నెట్ లేకుండానూ నడుస్తాయి, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ఆ విశ్వవిద్యాలయంలోనే విద్యార్థుల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు నిజమైన బల్బులూ తీగలూ, ఇంకో జట్టుకు తెర మీది సర్క్యూట్ కిట్ ఇచ్చారు. చివర్లో ఇద్దరి చేతా నిజమైన సర్క్యూటే కట్టించారు. తెర మీద నేర్చుకున్న వాళ్లే మెరుగ్గా కట్టారు, మెరుగ్గా వివరించారు. కారణం ఊహించవచ్చు. నిజమైన తీగలో కరెంటు కనిపించదు. తెర మీద ఆవేశాలు బల్బుకు ముందు ఎంత వేగంతో కదులుతున్నాయో దాటాక కూడా అంతే వేగంతో కదలడం కనిపిస్తుంది. ‘బల్బు కరెంటును తినేస్తుంది’ అన్న నమ్మకానికి అక్కడే దెబ్బ.

అదే సర్క్యూట్ కిట్టును మన ఏడో తరగతిలో, ఒకే ఒక్క ఐఎఫ్‌పీ ప్యానెల్ మీద వాడాలంటే ఎలా? టీచరు తనే వేలితో బ్యాటరీ, తీగ, రెండు బల్బులు లాగి కలిపి, ‘చూశారా, రెండూ సమానంగా వెలుగుతున్నాయి’ అంటే మళ్లీ వీడియోనే అయిపోయింది. రెండు బల్బులు కలిపి స్విచ్ తెరిచే ఉంచాలి. ‘ఏ బల్బు ఎక్కువ వెలుగుతుంది? బ్యాటరీకి దగ్గరదా, దూరందా, రెండూ సమానమా? పలక మీదో కాగితం మీదో రాయండి, పక్కవాళ్లది చూడొద్దు’ అనాలి. చేతులెత్తించి ఎన్ని ఓట్లు దేనికో బోర్డు మీద వేయాలి. దగ్గరదానికే సాధారణంగా ఎక్కువ పడతాయి. ఎందుకో ఇద్దరి చేత చెప్పించాలి. అప్పుడు స్విచ్ నొక్కాలి. ఊహించు, చూడు, తేడా ఎందుకొచ్చిందో చెప్పు అనే ఈ మూడు మెట్ల పద్ధతిని వైట్, గన్‌స్టన్ 1992లో పుస్తకంగా రాశారు. స్విచ్ నొక్కకముందు గడిచే ఆ ఐదు నిమిషాలే పాఠం. సిలబస్ తరుముతున్నప్పుడు మొదట ఎగిరిపోయేవీ ఆ ఐదు నిమిషాలే.

నా సందేహంలో తీరని సగం ఇది: తెర మీది బల్బు మరీ బుద్ధిమంతురాలు. ఓం నియమం ప్రయోగం సిమ్యులేషన్‌లో మామూలు అమరికతో చేస్తే గ్రాఫు గీత గీసినట్టు వస్తుంది. అదే ఫిలమెంటు టార్చి బల్బుతో చేస్తే (ఎల్ఈడీలు వచ్చాక ఆ బల్బు దొరకడమే గగనమైందనుకోండి) గీత వంగిపోతుంది. ఫిలమెంటు వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది మరి. వంగిన గీతను చూసి ‘ప్రయోగం తప్పింది సార్’ అనే పిల్లకు, తప్పింది ప్రయోగం కాదమ్మా, బల్బు వేడెక్కింది అని చెప్పే అవకాశం తెర ఇవ్వదు. అమృత విశ్వవిద్యాపీఠం, ముంబై సీడాక్ కలిసి చేసిన ఓ-ల్యాబ్స్‌లో టైట్రేషన్ చేసే పిల్ల చేతిలో బ్యూరెట్టు కారదు, రంగు మారే చుక్క దాటిపోదు. రసాయన బీరువాకు తాళమేసి తాళంచెవి పోగొట్టుకున్న బడికి అది దేవుడిచ్చిన వరమే. తాళంచెవి ఉన్న బడి కూడా అదే చాలనుకుంటే నష్టపోయినట్టే.

ఇక ఫోను. నా దృష్టిలో ఈ యాభై ఏళ్లలో సైన్సు టీచరు చేతికి వచ్చిన అత్యంత శక్తిమంతమైన కొలత సాధనం అదే. అలా వాడుతున్న వాళ్లు మాత్రం బహు తక్కువ. మైకు, త్వరణమాపకం, అయస్కాంత క్షేత్ర సూచి, కాంతి సెన్సరు, చాలా ఫోన్లలో గైరోస్కోపు కూడా లోపలే ఉన్నాయి. జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2016లో ‘ఫైఫాక్స్’ అనే ఉచిత యాప్‌తో వాటన్నిటినీ తెరిచి పెట్టింది. తొమ్మిదో తరగతిలో గురుత్వ త్వరణం సెకనుకు సెకనుకు 9.8 మీటర్లు అని కంఠతా పట్టిస్తాం. దాన్ని కొలిచి చూద్దామంటే స్టాప్‌వాచీతో కుదరదు. 1.25 మీటర్ల ఎత్తు నుంచి వదిలిన రాయి దాదాపు 0.505 సెకన్లలో నేలకు తగులుతుంది. మన కన్ను చూసి వేలు నొక్కేసరికే 0.2 సెకను పోతుంది. కొలత 0.7 వస్తే త్వరణం 5.1 తేలుతుంది, 0.3 వస్తే దాదాపు 28. అలాంటి ప్రయోగం చేయడం కన్నా చేయకపోవడం మేలు.

ఫైఫాక్స్‌లో శబ్దంతో నడిచే గడియారం ఉంది. ఒక చప్పుడుకు మొదలై, మరో చప్పుడుకు ఆగుతుంది. ఊదిన బుడగకు ఒక నట్టు వేలాడదీసి, నట్టు అడుగు నేలకు సరిగ్గా 1.25 మీటర్ల ఎత్తున ఉండేలా పట్టుకుంటారు. సూదితో బుడగ పేలుస్తారు. ఆ చప్పుడుకు గడియారం మొదలవుతుంది, నట్టు నేలకు తగిలిన చప్పుడుకు ఆగుతుంది. క్లాసంతా ఊపిరి బిగబట్టాలి, ఎందుకంటే ఎవరైనా దగ్గినా గడియారం అక్కడే ఆగిపోతుంది. 0.50, 0.51 అని వరసగా వస్తుంటాయి. ఎత్తును రెట్టింపు చేసి, కాలం రెట్టింపు కాకపోవడం ఎందుకో అడిగితే మరో పీరియడు గడుస్తుంది. ఖర్చు నాలుగు బుడగలు. ఒక్క టీచరు ఫోను చాలు, పిల్లలెవరూ ఫోను తేనక్కర్లేదు.

ఇక్కడే మన విధానాల్లోని వింత బయటపడుతుంది. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ బైజూస్ పాఠాలు నింపిన ట్యాబులు 5 లక్షలకు పైగా పంచడం మొదలుపెట్టింది. 2023 ఆగస్టులో అదే ప్రభుత్వం బడుల్లో ఫోన్లు నిషేధించింది. టీచర్లూ తరగతి గదిలోకి తీసుకెళ్లకూడదంది. నిషేధానికి కారణాలున్నాయి, కాదనను. కానీ కొలిచే పరికరం గది బయట ఆగిపోయి, చూపించే పరికరం లోపలికి వెళ్లింది. కంపెనీ పాఠాలు నింపిన ట్యాబుకు ఇంకో ఇబ్బంది, అది కంపెనీతో పాటే బతుకుతుంది. 2024 జూలైలో బైజూస్ మాతృసంస్థ దివాలా పరిష్కార ప్రక్రియలోకి వెళ్లింది.

కేరళ దారి దీనికి భిన్నం. 2001లో మొదలై తర్వాత ‘కైట్’గా మారిన అక్కడి సంస్థ సాఫ్ట్‌వేర్‌ను స్వేచ్ఛా లైసెన్సులతో తయారుచేయించుకుంది. టీచర్లకే శిక్షణ ఇచ్చి, వాళ్లలోంచే శిక్షకులను తీసింది. 2018 నుంచి 45,000 తరగతి గదులను డిజిటల్ గదులుగా మార్చినా పాఠం ఎవరికో అద్దెకివ్వలేదు. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సెలరేటర్ సెంటర్‌లో పుట్టిన ‘ఎక్స్‌పైజ్’ అనే అరచేతి పెట్టెను అక్కడి భౌతికశాస్త్రం టీచర్లకు అలవాటు చేశారు. కంప్యూటరుకు తగిలిస్తే ఓల్టు మీటరూ అదే, ఆసిలోస్కోపూ అదే, సిగ్నల్ జనరేటరూ అదే. దాని నమూనా అందరికీ తెరిచి పెట్టి ఉంది, ఎవరైనా తయారుచేసుకోవచ్చు. దక్షిణాదిలోనే మరో రాష్ట్రంలో ఇరవై ఏళ్లుగా నడుస్తున్నదాన్ని వెళ్లి చూసి రావడానికి మనకు అడ్డేమిటో అర్థం కాదు.

మన దగ్గర ఏమీ జరగలేదంటే అన్యాయం. టాటా ట్రస్టులు, టిస్, ఎంఐటీ కలిసి నడిపిన ‘క్లిక్స్’ తెలంగాణతో పాటు రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, మిజోరంలలో హైస్కూలు సైన్సు, లెక్కలు, ఇంగ్లిషు మీద పనిచేసింది. 2017 సంవత్సరానికి యునెస్కో బహుమతి అందుకుంది. పిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక కంప్యూటరు ముందు కూర్చుని వాదించుకునేలా దాని పాఠాలు తీర్చారు. తెలుగులో. ఇంగ్లిషు మీడియం పేరుతో వీడియో ఇంగ్లిషులో, పుస్తకం రెండు భాషల్లో నడుస్తున్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. తప్పు ఊహ ఎప్పుడూ ఇంటి భాషలోనే బయటపడుతుంది. అది తెలుగు కావచ్చు, గోండీ కావచ్చు, సవర కావచ్చు. ‘సెల్ దగ్గరున్న బల్బుకే ఎక్కువ పోద్ది సార్’ అని పిల్ల అనకపోతే టీచరు దిద్దడానికి ఏమీ ఉండదు. అయితే ఇలాంటి పనికి ల్యాబులో కరెంటు, పనిచేసే బ్యాటరీలు, టైంటేబుల్లో చోటు మూడూ ఒకేసారి కుదరాలి. మూడో దానికి హెడ్మాస్టరు మనసు కూడా కుదరాలి. కొవిడ్ కాలంలో 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానెళ్లలో పాఠాలు ప్రసారమయ్యాయి. ఆ కష్టకాలంలో అంతకు మించి ఆశించడం తగదు. చూపించి వదిలేసే ఆ అలవాటు కష్టకాలం దాటాక కూడా మిగిలిపోవడమే నాకు నచ్చనిది.

జీవశాస్త్రంలో ఒక చిన్న ఉపాయం మాత్రం ఇప్పుడే, ఈ వారమే, టీచరు ఫోనును గదిలోకి రానిచ్చే దాదాపు ఏ హైస్కూల్లోనైనా వీలవుతుంది. అరవై మందికి ఒకే మైక్రోస్కోపు ఉంటుంది. వరసలో వచ్చి ఒక కన్ను మూసి చూసి ‘కనిపించింది సార్’ అని వెళ్లిపోతారు. ఏం కనిపించిందో దేవుడికెరుక, సగం మంది చూసేది తమ కనురెప్ప వెంట్రుకలే. ఫోను కెమెరాను మైక్రోస్కోపు అక్షి కటకానికి ఆనించి, ఆ దృశ్యాన్ని ప్యానెల్ మీదికి పంపితే ఉల్లిపొర కణాల గోడలు గదంతటికీ ఒకేసారి కనిపిస్తాయి. అప్పుడు ‘కేంద్రకం చూపించు’ అని ఏ పిల్లనైనా పిలవచ్చు, గాలిబుడగను చూపించి కణమనే పిల్లను పట్టుకోవచ్చు. లక్షల ప్యానెల్‌కు ఇంతకన్నా మంచి వాడకం నాకు తెలియదు. మైక్రోస్కోపే లేని చోట మను ప్రకాశ్ బృందం స్టాన్‌ఫర్డ్‌లో 2014లో చూపిన మడత కాగితపు ఫోల్డ్‌స్కోపు ఉంది. 140 రెట్లు పెద్దది చేసి చూపుతుంది. చెరువు నీటి చుక్కకు అది చాలు.

బడి బయట ఉన్న డేటా కూడా సాధనమే. తెలంగాణలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు ఉన్నాయి. ఏ మండలంలో నిన్న ఎంత వాన పడిందో, ఉష్ణోగ్రత ఎంతో ప్రభుత్వమే బయటపెడుతుంది. ప్లాస్టిక్ సీసా కోసి చేసిన వానమాపకంలో తాము కొలిచినదాన్ని మండల కేంద్రం లెక్కతో పోల్చి, పది కిలోమీటర్లకే అంత తేడా ఎందుకని ఒక వానాకాలమంతా కుస్తీ పట్టవచ్చు. పిల్లలు కొలిచిన అంకెకు సమాజంలో విలువ ఉందని తెలిసే చోటు ఇది. ఇలాంటివి వేల రూపాయల ‘రోబోటిక్స్ కిట్ల’ కన్నా నాకు ముద్దు. అటల్ టింకరింగ్ ల్యాబులు దేశంలో పది వేలు ఉన్నాయి, ఒక్కోదానికి రూ. 20 లక్షల వరకు గ్రాంటు. వాటిలో బాగా నడిచేవి ఉన్నాయి, ప్రదర్శన రోజున తెరిచేవీ ఉన్నాయి. తేడా ఎక్కడుందంటే ఆ గదికి ఎవరో ఒక టీచరు ప్రాణం పెట్టారా లేదా అన్నదగ్గరే.

ఆ టీచరు ఫోను ఇప్పుడు ఏ పనిలో ఉంది? పొద్దున హాజరు యాప్‌లో, మధ్యాహ్నం భోజనం ఫొటోలో. ఆంధ్రప్రదేశ్‌లో కొంతకాలం మరుగుదొడ్ల ఫొటోల్లో కూడా. స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో డిజిటల్ శిక్షణంటే కొత్త యాప్‌లో లాగిన్ ఎలా కావాలో చెప్పడమే. ‘ఈ సిమ్యులేషన్ ముందు ఏ ప్రశ్న వేస్తారు?’ అని ఇద్దరు ఫిజికల్ సైన్స్ టీచర్లు గంట మాట్లాడుకునే వీలు ఆ సమావేశంలో ఉండదు. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు, ‘చెకుముకి’ పత్రిక చుట్టూ పోగైన టీచర్లు, కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ వాళ్లు ఈ పని తమ పద్ధతిలో చేస్తూనే ఉన్నారు. వాళ్ల అనుభవం టెండరు రాసే గదిదాకా చేరదు.

కృత్రిమ మేధ గురించి రెండు మాటలు చాలు. తుర్కియేలో దాదాపు వెయ్యి మంది హైస్కూలు విద్యార్థుల మీద లెక్కల్లో జరిగిన ప్రయోగంలో, చాట్‌జీపీటీ లాంటి సాధనాన్ని నేరుగా ఇచ్చినప్పుడు అభ్యాసంలో 48 శాతం మెరుగ్గా చేశారు. అది లేకుండా పరీక్ష పెడితే, అసలు వాడని వాళ్లకన్నా 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా మార్చిన రకంతో ఆ నష్టం చాలావరకు పోయింది. చూపించడానికీ చేయించడానికీ మధ్య తేడా ఇక్కడ కూడా మారలేదు. మన దగ్గర ఎఫ్ఏ మార్కుల కోసం రాసే ప్రాజెక్టు పని ఇదివరకు గైడు చూసి రాసేవాళ్లు, ఇప్పుడు ఫోను చూసి రాస్తున్నారు. కొలతే లేని ప్రాజెక్టుకు ఎవరు రాసినా ఒకటే.

చివరికి అన్నీ పరీక్ష దగ్గరికే వచ్చి ఆగుతాయి. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బడులతో మొదలై 2002 దాకా నడిచిన సైన్సు బోధన కార్యక్రమంలో కంప్యూటరు లేదు. అగ్గిపుల్లలూ వాల్వు ట్యూబు ముక్కలూ ఉన్నాయి. వాళ్లు చేసిన సాహసం వేరే చోట ఉంది. ఎనిమిదో తరగతి పరీక్షకు పిల్లలు పుస్తకం తెచ్చుకోవచ్చు, విడిగా ప్రయోగ పరీక్ష ఉండేది. పుస్తకంలో లేని ప్రశ్న అడగక తప్పని పరిస్థితిని వాళ్లే తెచ్చుకున్నారు. మన పదో తరగతి పేపర్లో ప్రయోగం గురించి అడిగేది ‘కావలసిన పరికరాలు, విధానం రాయండి’ అని. ప్రయోగం చేయని పిల్ల చేసిన పిల్లకన్నా పొందిగ్గా రాస్తుంది, ఎందుకంటే గైడులో ఉన్నది ఉన్నట్టు దింపుతుంది.

దాని బదులు ఇలా అడగవచ్చు: 1.25 మీటర్ల ఎత్తు నుంచి నట్టును జారవిడిచి, శబ్దంతో ఆగే ఫోను గడియారంతో ఐదుసార్లు కాలం కొలిచారు. రీడింగులు 0.50, 0.51, 0.31, 0.50, 0.51 సెకన్లు. ఏ రీడింగును మీరు నమ్మరు? అలా రావడానికి ఏం జరిగి ఉండవచ్చు? దాన్ని వదిలేసి గురుత్వ త్వరణం లెక్కించండి. ఈ ప్రశ్నకు కొత్త పరికరం కొనక్కర్లేదు. కావలసిందల్లా స్పాట్ వాల్యుయేషన్‌కు పంపే కీలో, రెండో భాగానికి ‘ఎవరో దగ్గి ఉంటారు’ అని రాసినా పూర్తి మార్కులు వేయవచ్చని ఒక వాక్యం చేర్చడం.